తీసెయ్యాలంటే ముందు సదవాల

హలో… ఆ, నేనే. షారన్‌ని.

నేనేనక్కా. సొంత చెల్లెలి గొంతు గుర్తు పట్టలేదా ఏటి…

కొత్త నంబరని ఎత్తలేదా. తెలుసు. అందుకే నటాలీకి మెసేజ్ పెట్టి, మీ అమ్మని ఎత్తమని సెప్పు అని మళ్ళీ సేసినాను. ఇది తాతబాబు మామ ఫోను. నా దాంట్లో చార్జి అయిపోయింది.

లేదక్కా, ఎవులికీ ఏటీ కాలేదు. ఏడవడం లేదు… నవ్వుతన్నాను. నవ్వి నవ్వి గొంతు ఇట్లాగైపోయింది.

ఎక్కడా… మన ఊళ్ళోనే, హుటాన్ మెలింటాంగ్‌లోనే. మన తెలుగు సంఘం హాలు ఎనకాల, గిన్నెలు కడిగే కాడ నిలబడ్డాను. ఈరోజు ఏడాది మీటింగు కదా. లోపల అందరూ టీ తాగుతన్నారు. మళ్ళీ పిలిసేలోపు నీకు సెప్పాల.

అక్కా… ముందు కూర్చో.

కూర్చున్నావా…

రూలు పాసైపోయింది.

ఏ రూలంటావేటి. లైబ్రరీ రూలు. నీ లైబ్రరీ. ఇను… పుస్తకం తీసెయ్యాలంటే ముందు సదవాల. మొదటి పేజీ నుండి ఆఖరి పేజీ దాకా. సదివి, ఏది తప్పో, ఎందుకు తప్పో సంతకం పెట్టి రాసియ్యాల. ఆ మాట తేలేదాకా పుస్తకం అలమారాలోనే ఉంటాది. ఒకడికి నచ్చలేదని, వాడు నలుగురికి ఫోన్ సేసినాడని, ఏదీ బయటికి పోదు.

ఆగు, ఇంకా ఉన్నాది. రెండో ముక్క నీ గురించే…

నీ పేరు లేదులే. లైబ్రరీ సూసుకునే మనిషి అని ఉన్నాది. ఆ మనిషిని ఎవులైనా బెదిరించినా, ఫోన్ సేసి తిట్టినా, ఫోటో గ్రూపుల్లో తిప్పినా, పని సేసే కాడికి ఎల్లి సెడ్డ సెప్పినా… ఆల సభ్యత్వం పోతాది. వైస్ ప్రెసిడెంట్ అయినా సరే పోతాది.

…

అక్కా, ఉన్నావా…

సరే. నీళ్ళు తాగు. నేను ఆగుతాను.

…

తాగినావా. ఇప్పుడు సెప్పు, నీ పక్కన ఎవులు కూర్చున్నారు…

ఆ. ఆ మనిషే రాసింది. నీ కూతురే.

తెలుగు రాదని నాకూ తెలుసు. ఇంగ్లీషులో రాసింది, నేను తెలుగులో సెప్పినాను. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఆ లాయరాఫీసులో ఊరికే కూర్చుంటాదా. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో లైబ్రరీ పుస్తకాలకి, లైబ్రరీలో పని సేసేవాళ్ళకి అడ్డంగా నిలబడే చట్టాలు సేసుకున్నారట. అవి సదివి, పెద్దోళ్ళ గౌను కత్తిరించి సంటిపిల్లకి కుట్టినట్టు, మనకి సరిపడా ఒకటి కుట్టింది.

నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది. ముందే తెలిస్తే అమ్మ వద్దంటాది, గొడవెందుకంటాది అంది… అనవా ఏటి. ఇప్పుడే అంటన్నావు.

తిట్టకు దాన్ని. నా ఫోన్ అయ్యాక తిట్టుకో.

గవర్నమెంటు ఏటంటాదా… అక్కా, దేశం చట్టాలు మన సేతిలో ఏటున్నాయి. మన గది, మన అలమారాలు, మన సంఘం… అంత వరకే మన రూలు. అయినా సంఘాల రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపాల, ఆలు ఒప్పుకోవాల. తాతబాబు మామ ఆ మాట పదిసార్లు సెప్పినాడు. ప్రెసిడెంట్ అయ్యాక ఆయన రూలు పుస్తకం సూడకుండా దగ్గు కూడా దగ్గడం లేదు.

సరే, మొదటి నుండి సెప్తాను. నువ్వు మధ్యలో ఆపకు.

నీకు బాధ అని ఒక సంగతి సెప్పలేదు. నువ్వు లైబ్రరీ తాళం ఇచ్చేసి కౌలాలంపూర్ ఎల్లిపోయినాక, మన వైస్ ప్రెసిడెంట్ తంగరాజు అన్న వాళ్ళు నీ పెళ్ళిపాటల పుస్తకంతో ఆగలేదు. నువ్వు ఇల్లిల్లూ తిరిగి ముసలమ్మల కాడ వియ్యపురాళ్ళ మీద పచ్చి పాటలు రాసుకొచ్చింది ఒక్కటే కదా ఆల గొడవ… అదే మొదట పోయింది. తర్వాత ఆడాళ్ళ ఆరోగ్యం పుస్తకం. తర్వాత దేవుడు లేడన్నాయన వ్యాసాలు. తర్వాత మొగుణ్ణి వదిలేసి బస్సెక్కిపోయిన ఆవిడ కథ. అన్నీ అట్టపెట్టెల్లో ఏసి తంగరాజు అన్న ఇంటి పోర్టికోలో పెట్టినారు.

వంటల పుస్తకం కూడా పోయింది…

నిజంగా. ఊరగాయలది. ఎందుకంటే అట్ట మీద ఆవిడ జాకెట్టుకి సేతులు లేవట.

నవ్వు. నవ్వక్కా. నేనూ అక్కడే నవ్వినాను, అప్పుడే కోపం కూడా వచ్చింది. ఎవులూ ఒక్క పేజీ సదవలేదు. అట్టలు సూసి తీసేసినారు. ఆ రోజే నటాలీకి ఫోన్ సేసినాను, ఏదో ఒకటి సెయ్యాల పిల్లా అని.

ఈరోజు సర్చి అయిపోగానే కొట్టు తెరవకుండా తిన్నగా ఇక్కడికే వచ్చినాను. హాలు నిండిపోయింది. పక్కూరు సుంగై సుమున్ నుండి వ్యాను కట్టుకుని వచ్చినారు మనోళ్ళు. ఏడాది మీటింగుకి అంత మంది ఎప్పుడు వచ్చినారు సెప్పు. బిర్యానీ పెడతామన్నా రారు.

నేను లేచి రూలు సదివినాను. ఇంగ్లీషు కాయితం సూస్తా, తడబడతా తెలుగులో సెప్పినాను. ఎనక నుండి ఎవులో, ఇదంతా ఎందుకు, మనలో మనకి రూలులేటి అన్నారు. అప్పుడు నేను నీ సంగతి సెప్పినాను…

అంతా సెప్పినాను.

కోప్పడకు. ఎన్నాళ్ళు దాస్తాం. నీ ఫోటోకి ఎర్ర గీత గీసి, పిల్లల్ని పాడు సేసే మనిషి అని గ్రూపులో పెట్టినారని సెప్పినాను. తెలీని మొగాళ్ళు నీకు ఫోన్ సేసి ఆ పాటలు పాడమని అడిగినారని సెప్పినాను. తెలుక్ ఇంతాన్‌లో నువ్వు పని సేసిన క్లినిక్కుకి ఒక మనిషి ఎల్లి, ఈమెని కౌంటర్లో పెట్టుకుంటే మేమెవులం రాం అని డాక్టరుతో సెప్పినాడని, డాక్టరు నిన్ను పొమ్మనలేదు గానీ నువ్వే తలొంచుకుని మానేసినావని సెప్పినాను. మా అక్క మోకాలి నొప్పికి కూతురింటికి ఎల్లిందని మీరంతా అనుకుంటన్నారు. మోకాలు బాగానే ఉన్నాది. ఫోన్ మోగితే సెయ్యి వణుకుతాది, అందుకు ఎల్లింది అన్నాను.

…

సుంగై సుమున్ ఆడాళ్ళు ఒకళ్ళ మొకం ఒకళ్ళు సూసుకున్నారు. ఆలకి తెలీదు. నిజంగా తెలీదు. ఆలు ఆ పుస్తకానికి పాటలిచ్చినోళ్ళే.

అప్పుడు తంగరాజు అన్న లేచినాడు.

లేదు, అరవలేదు. నేనూ అరుస్తాడనే అనుకున్నాను. మెల్లిగానే అన్నాడు, తెలుగు క్లాసుకి వచ్చే పిల్లలే గుప్పెడు మంది, ఇట్లాంటి పాటలు ఇక్కడున్నాయని తెలిస్తే ఆల అమ్మానాన్నలు మానిపించేస్తారు, అప్పుడు మన భాష ఎవులు మాటాడతారు అన్నాడు. కొంతమంది తలలూపినారు. నిజం సెప్పనా, ఆయన భయం ఉత్తి భయం కాదు.

అయినా ఆ మాట మీదే ఆగుంటే బాగుండేది. ఆగలేదు. క్రిస్టియన్ ఇంటామె, ఆమెకి మన పెళ్ళి పాటలేం తెలుసు అన్నాడు. అక్కడి నుండి తమిళ్‌లోకి ఎల్లిపోయినాడు. నీకు తెలుసు కదా, కోపం వస్తే ఆయనకి తెలుగు సాలదు.

మామ సెయ్యెత్తి ఆపినాడు. తంగరాజూ, ఏ పేజీ తప్పో సభకి సదివి ఇనిపించు, లేకపోతే మేం ఏటని తేల్చాల అన్నాడు. పుస్తకం ఆయన సేతిలోనే ఉన్నాది. సాక్ష్యం సూపిస్తానని తనే తెచ్చుకున్నాడు.

తెరిసినాడు. తిప్పినాడు. ఇంకో పేజీ తిప్పినాడు. కళ్ళద్దాలు ఇంట్లో మర్సిపోయినాను అన్నాడు…

ముక్కు మీదే ఉన్నాయక్కా.

లేదు, నవ్వలేదు. అక్కడ ఎవులూ నవ్వలేదు. మనలో తెలుగు సదవడం ఎంతమందికి వచ్చు. ఇంట్లో మాట వచ్చింది గానీ బడిలో అక్షరం రాలేదు. నేనే ఒక లైను కూడబలుక్కునేలోపు టీ సల్లారిపోతాది. తాతబాబు మామ గబుక్కున సెయ్యి సాపి, ఇటివ్వు తంగరాజూ, నేను సదువుతాను, ప్రెసిడెంటే సదవాలని ఉన్నాది అన్నాడు. అట్లా ఎక్కడా లేదు. ఆ ఒక్కటీ ఆయన కల్పించినాడు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ తర్వాతే అసలు సంగతి.

మామ లేసి నిలబడినాడు, గొంతు సవరించినాడు, రేడియోలో వార్తలు సదివినట్టు మొదలెట్టినాడు. ఏ పాటో తెలుసా… ఆ పీట పాట.

"వియ్యపురాలు కూర్చుంటే పీట కుయ్యోమంది.
వియ్యపురాలు లేస్తే పీట హమ్మయ్యంది."

అంతే. అట్లాగే. ఏ రాగం లేదు. ఫుల్‌స్టాప్ కాడ ఆగినాడు, నీళ్ళు తాగినాడు, తర్వాతి పేజీ అన్నాడు.

"వియ్యపురాలి కోక ఈది సూసొచ్చింది.
వియ్యంకుడు దాన్నెతుకుతా ఏరు దాటినాడు."

ముందు వరసలో ఒకావిడకి పొలమారింది. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. నవ్వితే రూలు పోతాదని భయం. మామ మొకంలో ఒక్క గీత కదలలేదు. కోక వచ్చినాది, మనిషి ఎక్కడ అని ఎనక నుండి ఎవులో అన్నారు. మామ ఆర్డర్, ఆర్డర్ అన్నాడు.

అప్పుడు ఎనక మూల నుండి ఒక గొంతు… అది సదివేది కాదురా తాతబాబూ, పాడేది.

తంగం పెద్దమ్మ.

ఆ, తంగరాజు అన్న వాళ్ళమ్మే. ఇంట్లో ఒక్కతీ ఉండలేదని తీసుకొచ్చి కూర్చోబెట్టినారు. మీటింగంతా కునికిపాట్లు పడతంది అనుకున్నాం. కర్ర పట్టుకుని లేచింది. ఎనభై దాటిన మనిషి. పాడిందక్కా. ఆ పీట పాట, మొదట నుండి. నువ్వు పుస్తకంలో రాసిన దానికంటే ఇంకా రెండు చరణాలు ఎక్కువ పాడింది. నేను నీకు అవి ఫోన్లో సెప్పను, నటాలీ ఇంటాది…

అర్థం కాకపోయినా ఇంటాది.

సుంగై సుమున్ ఆడాళ్ళు సప్పట్లు మొదలెట్టినారు. ఒకళ్ళు ఎత్తుకుంటే ఒకళ్ళు అందుకున్నారు. రెండు కుర్చీలు పడిపోయినాయి. తాతబాబు మామ ఆర్డర్ అంటన్నాడు, అంటా అంటా కాలితో తాళం ఏస్తన్నాడు. నాకు కళ్ళల్లోంచి నీళ్ళు. ఎన్నాళ్ళయిందక్కా ఆ హాల్లో ఆడాళ్ళు అట్లా నవ్వి.

పాట అయినాక పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. ఇది నీ పెళ్ళిలో మా వియ్యపురాలి మీద నేను పాడిన పాటే రా అంది. ఆవిడ మూతి ముడుసుకుని కూర్చుంది, తర్వాత లేచి నామీద ఇంతకంటే పచ్చిది పాడింది, తర్వాత ఇద్దరం ఒకే అరిటాకులో తిన్నాం. అట్లా ఏలాకోలం ఆడుకోకపోతే అది పెళ్ళేటి, కోర్టు కేసు అంది. ఇంకోటి కూడా అంది…

మన అమ్మ గురించి.

మార్గరెట్టు వాళ్ళమ్మా నేనూ ఒకే ఎస్టేట్లో కొబ్బరి ఎండబెట్టినాం. వాళ్ళమ్మ పెళ్ళి సర్చిలో అయింది. పందిట్లో ఆమె అత్త మీద పాడింది నేనే. ఎవులి పాట ఎవులికి తెలీదంటావు రా నువ్వు… అంది.

…

ఆ. అన్నాది. అందరి ముందూ.

నాకూ తెలీదక్కా. అమ్మ మనకి ఎప్పుడూ సెప్పలేదు.

…

సరే, సరే. ఇంకా ఉంది. ముక్కు తుడుసుకో. ఇప్పుడు గుణవతి వదిన లేచింది. తంగరాజు అన్న పెళ్ళాం… అవును, ఆ పాట ఆమె తల్లి మీదే కదా. నేను అయిపోయింది అనుకున్నాను. తల్లి మీద పాట ఇంటే ఎవులికైనా ముల్లు గుచ్చుకుంటాది. వదిన కొంగు సవరించుకుని, నాకూ ఒక కంప్లెయింట్ ఉన్నాది అంది.

మా అమ్మ తిరిగి పాడింది ఈ పుస్తకంలో లేదు. మా అత్త పాట ఏసి మా అమ్మ పాట ఎందుకు ఏయలేదు. ఇది న్యాయమా… అంది.

అక్కా, నేను కుర్చీలో కూర్చోలేకపోయినాను. తీసెయ్యమని కాదు, తక్కువైందని కంప్లెయింట్. మామ గబగబా రాసుకున్నాడు. ఆ పాట ఎవులికి గుర్తుందని అడిగితే పెద్దమ్మ, నాకు గుర్తుంది, కానీ నామీద పాటని నేనే మొగాళ్ళ ముందు పాడతానా, మార్గరెట్టు వస్తే దానికి ఒక్కదానికే సెప్తాను అంది.

ఇన్నావా. నీకు ఒక్కదానికే.

తర్వాత ఓటు. సేతులెత్తమన్నాడు మామ. మూడింట రెండొంతులు ఉండాల… దాటిపోయినాయి. ఎక్కడ సూసినా సేతులే. ఒకాయన రెండు సేతులూ ఎత్తితే ఒకటి దించమన్నాడు మామ.

తంగరాజు అన్న ఎత్తలేదు. ఎత్తలేదు గానీ, వద్దన్నవాళ్ళు ఎత్తండి అన్నప్పుడు కూడా ఎత్తలేదు. కింద సూసుకుంటా కూర్చున్నాడు.

అంతా అయింది. అంతా అయింది గానీ… ఒకటి మిగిలింది. అందుకే మామ నాకు ఫోనిచ్చి బయటికి తోలినాడు. నేను అది సెప్పకుండా కథలన్నీ సెప్పేస్తన్నాను.

లైబ్రరీకి మనిషి కావాల.

ఈ మీటింగులోనే ఎన్నుకోవాల. లేకపోతే ఆ గది పెళ్ళిళ్ళ గుండిగలకీ కుర్చీలకీ పోతాది. రూలుంది గానీ రూలు కాపాడే మనిషి లేదు. ఎవులైనా ముందుకొస్తారా అంటే ఒక్కళ్ళు లేవలేదు. అప్పుడు నీ పేరు సెప్పినారు. ఎవులో తెలుసా… గుణవతి వదిన. మనిషి ఎదురుగా లేకపోయినా ఫోన్లో ఒప్పుకుంటే సాలని మామ పుస్తకం తిరగేసి తేల్చినాడు. టీ అయ్యేలోపు సెప్పాల.

…

వద్దా…

…

ఆ. ఇంటన్నాను. సెప్పు.

…

బస్సు సంగతి కాదు కదా. వారానికి ఒక్క ఆదివారం, పొద్దున్నే బస్సెక్కితే… సరే. బస్సు సంగతి కాదు.

అవును. మళ్ళీ సెయ్యి వణికితే నేనేం సెయ్యగలను. నిజమే. రూలు కాయితం మీద ఉంటాది, ఫోన్ నీ సేతిలో ఉంటాది. నేను సంతోషంలో ఆ మాట ఆలోసించలేదు.

బలవంతం సెయ్యనక్కా. వద్దంటే వద్దు. లోపలికెల్లి మా అక్క ఒప్పుకోలేదని సెప్తాను. ఎవులూ నిన్ను ఏటీ అనరు. అంటే ఇప్పుడు సభ్యత్వం పోతాది…

నవ్వినావు కదా కొంచెం. ఇనపడింది.

ఆగు.

తంగరాజు అన్న ఇటే వస్తన్నాడు. టీ గ్లాసు పట్టుకుని. సింకు కాడికి అనుకుంటాను… కాదు. నా కాడికే.

ఒక్క నిమిషం, లైన్లో ఉండు… ఆ, అన్నా. అక్కే. మాటాడతన్నాను…

అక్కా, ఫోన్ ఇమ్మంటన్నాడు. నీతో ఒక మాట సెప్పాలంటన్నాడు. ఇవ్వనా…

…

ఇవ్వను. సరే. సెప్తాను.

అన్నా, అక్క ఇప్పుడు మీతో మాటాడదంట… లేదన్నా, కోపం కాదు. మీ గొంతు ఇనాలని లేదంట, అంతే… ఆ. నాకు సెప్పండి, నేను అందిస్తాను.

తప్పైపోయింది అంటన్నాడక్కా.

…

ఏటీ… మళ్ళీ సెప్పు.

సరే. అట్లాగే సెప్తాను, నీ మాటలోనే.

అన్నా, మా అక్క అంటంది, సింకు కాడ మెల్లిగా సెప్పిన తప్పు నాకొద్దు. ఫోటో ఎక్కడ పెట్టినారో, ఎంతమంది సూసినారో, అక్కడే ఆ మంది ముందే సెప్పాల. ఆయన పేరుతోనే. అది సేస్తే నేను ఆలోసిస్తాను అంటంది… ఇప్పుడేనన్నా. టీ అయిపోవస్తంది.

…

గ్లాసు కింద పెట్టినాడక్కా. ఫోన్ తీసినాడు.

రాస్తన్నాడు. ఒక్క ఏలితో. రోమన్ అక్షరాల్లో రాస్తన్నాడు… అబ్బ, ఎంత మెల్లిగా రాస్తాడు ఈయన. తుడిసేసినాడు. మళ్ళీ రాస్తన్నాడు.

లేదు, నేను తొంగి సూడటం లేదు. మామ ఫోన్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నాది, వస్తే తెలుస్తాది. నువ్వు గ్రూపులోంచి బయటికొచ్చేసినావు కదా, నేనే సదివి ఇనిపిస్తాను.

ఎండకి సెమటలు పడతన్నాయి ఆయనకి. రేవు నుండి ఎండు సేపల వాసన… ఆయన్ని సూస్తే నాకు పాపం అనిపిస్తంది, ఈ మాట నీతో అనకూడదు గానీ.

వచ్చింది. టింగుమంది. ఇను.

"నేను తంగరాజును. మార్గరెట్ గారి ఫోటో ఈ గ్రూపులో పెట్టింది నేను. తప్పు సేసినాను. ఆమె క్లినిక్కుకి మనిషిని పంపింది కూడా నేనే. అదీ తప్పే. ఆ ఫోటో ఎవరి ఫోన్లో ఉన్నా తీసెయ్యండి. ఆమెకి ఎవరూ ఫోన్ సెయ్యొద్దు. నేను ఆ పుస్తకం సదవలేదు."

…

అక్కా, క్లినిక్కుకి మనిషిని పంపింది ఈయనే అంట. నేను ఆ మాట…

తెలుసా. నీకు ముందే తెలుసా…

ఎవులు సెప్పినారు. డాక్టరా… అంటే అప్పటి నుండీ తెలుసు. అయినా నాకు కూడా సెప్పలేదు.

నేను ఈయన కొట్టు ముందు నుండి రోజూ నమస్తే అన్నా అనుకుంటా ఎల్లేదాన్ని కదక్కా…

అందుకే సెప్పలేదా. ఈ ఊళ్ళో నేను ఉండాల కాబట్టి.

…

ఉండు, మొకం కడుక్కుంటాను.

…

ఎల్లిపోయినాడు. లోపలికి. గ్లాసు ఇక్కడే వదిలేసినాడు, నేనే కడగాల కాబోలు. పోన్లే.

క్షమించినావని సెప్పాలా… వద్దా. సరే. అది నీ ఇష్టం, రూల్లో లేదు అది.

టింగ్ టింగ్ అంటానే ఉన్నాదక్కా ఈ ఫోను. తీసేసినాను అని ఒకళ్ళు. తీసేసినాను అని ఇంకొకళ్ళు. సుంగై సుమున్ ఆవిడ ఒకామె దణ్ణం బొమ్మ పెట్టింది. ఇంకొకామె పొరపాటున పుట్టినరోజు కేకు పెట్టింది…

నవ్వు, నవ్వు. నటాలీకి కూడా సెప్పు, అది పక్కన ఏటేటని సంపేస్తంది కదా నిన్ను. నాకు ఇనపడతంది.

ఏటంది… "సే యెస్ లా మా" అన్నాదా. దాని తెలుగు అంతే. సరిపోతాది.

మామ పిలుస్తన్నాడు. ఆ, మామా, వస్తన్నాను, ఒక్క నిమిషం.

అక్కా, నిన్ను తొందర పెట్టను. ఏది సెప్పినా అదే సెప్తాను లోపల. వద్దన్నా నువ్వు నా అక్కవే, కావాలన్నా…

ఏటీ…

మళ్ళీ సెప్పు. ఈ టింగులో సరిగ్గా ఇనపడలేదు.

…

మళ్ళీ సెప్పక్కా. ఇనపడింది, అయినా మళ్ళీ సెప్పు.

…

షరతులా. సెప్పు, ఎన్నైనా సెప్పు. అట్టపెట్టెలు ఆయనే మోసుకురావాల, సరే. ఊరగాయల పుస్తకం ముందు వరసలో పెట్టాల, సరే. లైబ్రరీకి వేరే ఫోన్ నంబరు, నీ సొంతది ఎవులికీ ఇవ్వకూడదు… అది అన్నిటికంటే ముందు రాసుకుంటాను. వచ్చే ఆదివారం తంగం పెద్దమ్మ కాడికి తిన్నగా ఎల్లాల… తిన్నగా ఎల్దాం. బస్టాండుకి నేనే మోటార్‌సైకిల్ మీద వస్తాను.

పడెయ్యనులే. ఎప్పుడు పడేసినాను.

అక్కా, నేను నవ్వుతా ఏడుస్తా ఉంటే గిన్నెలు కడిగే ఆవిడ భయపడి ఎల్లిపోయింది.

లోపలికి నడుస్తన్నాను. తలుపు తీస్తన్నాను. టీ గ్లాసులు తీసేసినారు, అందరూ మళ్ళీ కూర్చున్నారు. అందరూ నా సేతిలో ఫోన్ వైపే సూస్తన్నారు. పెద్దమ్మ కూడా కునికిపాట్లు పడటం లేదు.

మామా, లైన్లోనే ఉన్నాది… లేదు, నేను సెప్పను. ఆమె నోటితోనే ఇనాల. మైకు కాడ పెట్టనా… సరే, బల్ల మీద.

ఎందుకక్కా భయం. తడబడితే తడబడనీ. నేనూ తడబడినాను. ఇక్కడ నిన్ను కోసుకు తినేవాళ్ళు ఎవులూ లేరు. ఉన్న ఒక్కాయన మూడో వరసలో తలొంచుకుని కూర్చున్నాడు.

స్పీకర్ నొక్కతన్నాను. ఫోన్ బల్ల మీద పెడతన్నాను… ఆ ఎనకాల, కొంచెం ఊరుకోండి. మా అక్క మాటాడతాది.

సెప్పక్కా.